ఒకే రాతలో రెండు చీటీలు

మా అద్దాల సారు పోయిన మంగళవారం పొద్దున్నే కన్నుమూశారు. హనుమకొండ చౌరస్తాలో కళ్లద్దాల షాపు ఆయనది. పోయింది నేను నర్సుగా పనిచేసే వార్డులోనే. ఆయన కోసం ఏడవాలో, ఆయన్ను నిలదీయాలో నాకింకా తేలడం లేదు.

పదేళ్ల కింద కొత్తవాడలో మా బడికి ఒక సేవా క్లబ్బు వాళ్లు ఆదివారాలు వచ్చేవారు, పదో తరగతి పిల్లలకు ముందు ఏం చదవాలో చెప్పడానికి. మిగతావాళ్లు ఉపన్యాసమిచ్చి, చాయ్ తాగి వెళ్లిపోయేవారు. సారు మాత్రం మా బెంచీ మీదే ఇరుక్కుని కూర్చునేవారు. అద్దాలున్న పిల్ల కనబడితే ముందు అవి తీసి, తన చేతిరుమాలుతో తుడిచిచ్చాకే మాట.

"ఏమైతవని అడుగుత లేను బిడ్డా. ఏం పని జేస్తే నీకు యాష్ట రాదో, ఇసుగు పుట్టదో అది చెప్పు" అనేవారు.

ఒకరోజు చీటీలు పంచారు. "పేర్లు రాయకుండ్రి. పేరు రాస్తె మీ నాయిన చెప్పింది రాస్తరు. మీ నోటుబుక్కులు జూసి రాతను నేను పట్టుకుంట" అన్నారు.

నా పక్కన కూర్చునే దోస్తు వాళ్లింట్లో జంపఖానాల నూలుకు రంగులద్దేవారు. ఆ పొద్దున అది రంగు తొట్టిలో చేతులు పెట్టి అట్లాగే వచ్చింది, తెల్లకాగితం ఖరాబవుతుందని ముట్టుకోలేదు. దాని చీటీ కూడా నేనే రాశాను. దానికి నర్సు అని, నాకు టీచరు అని.

మరుసటి ఆదివారం సారు నర్సు చీటీ పట్టుకుని నా దగ్గరికొచ్చారు. "నీ రాతనే గదా?"

రాత నాదే. అవునన్నాను. క్లబ్బు తన ఖర్చుతో ట్రైనింగుకు పంపేది ఒక్కరినే. నేను నోరు విప్పేలోపే సారు ఇంటికొచ్చి మా బాపును ఒప్పించేశారు. టీచరు చీటీ ఏమైందో తెలియదు. నా దోస్తు ఒక్క మాటా అనలేదు. ఇప్పటికీ ఆ రంగు తొట్ల దగ్గరే పనిచేస్తోంది. నాకు నా పనంటే ఇష్టం, నా బాధంతా అదే.

సారు వార్డులో చేరినప్పటి నుంచి చెప్పేద్దామనే అనుకున్నాను. సోమవారం సూది వేస్తుంటే ఆ మాట ఆయనే ఎత్తారు.

"ఆ రెండు చీట్ల రాత ఒక్కటే గదా బిడ్డా."

సూది తీసి ట్రేలో పెట్టాను. "మీకు ఎరికేనా సార్? మరి నన్నెందుకు పంపిన్రు?"

"జర ఆగు, చెప్త."

అంతలో పక్క మంచం వాళ్లు కేకేశారు. తిరిగొచ్చేసరికి సారు నిద్రలో ఉన్నారు. ఆ నిద్రలోంచి మళ్లీ లేవలేదు.

ఆయనే నన్ను ఎంచుకున్నారా? నా దోస్తు వదులుకుందా? లేక దానిది నేనే లాక్కున్నానా? ఎటు తిప్పినా తెగడం లేదు.

మూడో రోజు నా దోస్తు సారు ఇంటికొచ్చింది. ఆయనన్న మాట చెప్పాను. అది ఆశ్చర్యపోలేదు.

"నువ్వేమన్న చెప్పినవానే సారుకు?" అని గట్టిగానే అడిగాను.

"ఆఖరికి సారు అద్దాలు ఎవరు తుడిచిన్రే?" అంది.

వార్డులో ఆయన అద్దాలు తుడవాలని నాకు తోచనే లేదు. అది లేచి వెళ్లి, ఫోటో ముందు పెట్టిన అద్దాలు తీసుకుని, ఎర్రబారిన వేళ్లతో కొంగు పట్టి తుడవడం మొదలుపెట్టింది. మచ్చలన్నీ పోయాక కూడా తుడుస్తూనే ఉంది, నా వైపు చూడకుండా.