ఎర్రతాడు మూడు చుట్లు

నిన్న ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు మా ఇంటి కింద పంక్చర్ షాపులో కంప్రెసర్ మొదలైంది. నందిగామలో మేం అద్దెకుంటున్న ఈ ఇంట్లో అది రోజూ ఉండేదే. కాసేపు గడగడలాడి ఆగుతుంది, తర్వాత రబ్బరు అంటించే సొల్యూషన్ వాసన మెట్ల మీదుగా పైకి వస్తుంది. మామూలుగా ఆ వాసనకి కిటికీ మూసి నా పనిలో పడతాను. నిన్న మూయలేకపోయాను. కాఫీ చల్లారేదాకా గదిలోంచి వరండాలోకి, వరండాలోంచి గదిలోకి తిరిగాను. సైదులు గారు పోయి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో ఒకచోట కుదురుగా కూర్చున్నది తక్కువ. ఆయన గురించి రాస్తే కూర్చోగలనేమోనని మొదలుపెట్టాను.

మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చిల్లకల్లు దగ్గర హైవే పక్కన రేకుల షెడ్డులో లారీ టైర్లకు పంక్చర్లు వేసేవారు. పొట్టి మనిషి. మెడలో ఎప్పుడూ ఒక పాత తువ్వాలు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే మొహం చూడకుండా చేతుల వైపు చూసేవారు. నాకు గాలి నింపే రబ్బరు పడవ నడపడం నేర్పింది ఈయనే. పంక్చర్లు వేసే మనిషికి పడవతో ఏం పని అని అడుగుతారు. నేను డిప్లొమా అయ్యాక జగ్గయ్యపేటలో ఒక చిన్న సర్వే ఆఫీసులో చేరాను. సున్నపురాయి తవ్వి వదిలేసిన గోతుల్లో నీళ్ళు ఎంత లోతున్నాయో, ముక్త్యాల వైపు కృష్ణలో అడుగున ఎంత ఇసుక మేట వేసిందో కొలవడం మా పని. అందుకోసం నేను చేరకముందే మా ఓనరు ఒక రబ్బరు పడవ, దానికి చిన్న మోటారు కొన్నారు. మొదటి నెలలోనే సున్నపురాయి అంచులు తగిలి దానికి మూడు చోట్ల చిల్లులు పడ్డాయి. అతుకు వేయడానికి సైదులు గారిని పిలిపించారు. ఆయన అతుకు వేసి, నిలబడిందో లేదో చూడటానికి పడవలో కూర్చున్నారు. ఆ తర్వాత ఆరేళ్ళు ఆ పడవను వదల్లేదు.

"నీళ్ళ సంగతి నాకు తెలీదండీ," అన్నారు మా ఓనరుతో. "గాలి సంగతి తెలుసు. ఇది తేలేది గాలి మీదేగా."

నేను చేరిన రెండో వారం, ఏప్రిల్‌లో ఒక పొద్దున, పది గంటలకే గోతి గట్టు మీద రాయి కాలుతోంది. పడవకు గాలి నేనే నింపాను. వేళ్ళతో కొడితే ఖంగుమనేలా నింపి, ఇంత గట్టిగా ఇంకెవరు నింపుతారని ఆయన వైపు చూశాను. ఆయన తెడ్లు తీసి పడవలో పెట్టారు. నీళ్ళలోకి దించి మధ్యదాకా వెళ్ళాం. ఆ గోతుల్లో నీళ్ళు ఎండాకాలంలోనూ చల్లగా ఉంటాయి. పావుగంట కాకముందే నా కింద పడవ మెత్తబడి, మధ్యలో మడత పడటం మొదలైంది. చిల్లు పడిందనుకుని లేచి నిలబడబోయాను.

"కూర్చో అమ్మాయ్. లేచావంటే ఇద్దరం లోపలికే."

"గాలి పోతోందండీ!"

"పోవట్లా. చల్లబడి ముడుచుకుంది, అంతే. ఎండలో నింపావు, చన్నీళ్ళలో దించావు. పొద్దున పొంగిన రొట్టె సాయంత్రానికి అణగదూ?" అని పంపు తీసి నా ఒళ్ళో పెట్టారు. "కొట్టు. మెల్లగా కొట్టు."

ఒడ్డుకు వచ్చాక చెప్పారు. ముందు సగం నింపి నీళ్ళలో పెట్టాలి, పది నిమిషాలు ఆగాలి, పడవ నీళ్ళ చల్లదనానికి అలవాటు పడ్డాక మిగతా గాలి కొట్టాలి. తిరిగి ఒడ్డుకు లాగిన వెంటనే కొంత గాలి వదలాలి, లేకపోతే ఎండకు ఉబ్బి అతుకుల దగ్గర తెగుతుంది. నేను తప్పు చేస్తున్నానని ఆయనకు ముందే తెలుసు. మరి ఎందుకు ఆపలేదని కోపంగా అడిగాను. "ఆపితే నా మాట గుర్తుండేది. ఇప్పుడు నీ కింద పడవ మెత్తబడ్డది గుర్తుంటది," అన్నారు. ఆ పద్ధతి నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చదు. కానీ అప్పటినుంచి ఒక్కసారి కూడా గాలి నింపి వెంటనే బయల్దేరలేదు.

ఆయనకు ఈత రాదు. ఈ విషయం తెలిసినప్పుడు నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఈతొచ్చినోడు ఉక్కగా ఉందని లైఫ్ జాకెట్ విప్పేస్తాడు. రానోడు విప్పడు. అందుకే ఇంకా ఉన్నా."

జాకెట్ వేసుకోగానే భుజాల దగ్గర పట్టుకుని మమ్మల్నే పైకి లాగి చూసుకోమనేవారు. అది గడ్డం దాకా వచ్చిందంటే వదులుగా ఉన్నట్టు, పట్టీలు మళ్ళీ బిగించాలి. ఇంకో అలవాటు, పలక. లారీ డ్రైవర్లు ఆయన షెడ్డు దగ్గర ఆగి, ఫలానా రోజుకి తిరిగి రాకపోతే ఇంటికి ఫోన్ చేయమని చెప్పి వెళ్ళేవారట. అవి గుర్తుపెట్టుకోవడానికి ఒక పిల్లల పలక వాడేవారు. పడవ దగ్గరికీ దాన్నే తెచ్చారు. ఎంతమంది వెళ్తున్నాం, ఎటు, ఎన్ని గంటలకు వస్తాం, రాకపోతే ఎవరికి చెప్పాలి. ఇవి రాసి ఒడ్డున ఎవరుంటే వారి చేతికిచ్చేవారు. గోతి దగ్గర కాపలా ఉండే ముసలాయన తనకు చదువు రాదన్నాడు. సైదులు గారు పలక మీద గడియారం బొమ్మ గీశారు, ముళ్ళు పన్నెండున్నర దగ్గర పెట్టారు, పక్కన రెండు నిలువు గీతలు గీశారు. "ముళ్ళు ఇక్కడికొచ్చేసరికి ఈ ఇద్దరూ నీకు కనపడాల. కనపడలేదా, ఫోన్ కొట్టించు." ఆ ముసలాయన మేం తిరిగి వచ్చేదాకా పలకను చంకలోంచి తీసేవాడు కాదు.

ఇక ఎర్రతాడు. పాత టెలిఫోన్ రిసీవర్ తీగలా మెలికలు తిరిగి ఉంటుంది. ఒక కొస మోటారుకు తగిలిస్తాం, రెండోది నడిపేవాళ్ళ మణికట్టుకు. నడిపే మనిషి నీళ్ళలో పడితే తాడు ఊడి వస్తుంది, మోటారు ఆగిపోతుంది. ఆగకపోతే పట్టుకునేవాళ్ళు లేని పడవ గుండ్రంగా తిరుగుతూ పడిన మనిషి మీదికే వస్తుంది. మొదటి రోజు ఆయన చెప్పిన మొదటి మాట ఇదే. చేతికి తాడు లేకుండా మోటారు తిప్పకూడదు. మనిషి నీళ్ళలో ఉంటే మోటారు ఆపేయాలి.

మూడో ఏడు చలికాలం చివర, ముక్త్యాల ఎగువన, ఒడ్డున ఉన్నవాళ్ళకు కనపడని వంపులో కొలుస్తున్నాం. మోటారు నా చేతిలో ఉంది, ఆయన ముందు కూర్చున్నారు. లోతు చూపే పరికరం నాకు కొంచెం దూరంగా ఉంది. దాన్ని అందుకోబోయిన ప్రతిసారీ తాడు బిగుసుకుని మోటారు ఆగిపోతోంది. రెండుసార్లు అలా అయింది. ఒడ్డు నుంచి ఓనరు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు, మధ్యాహ్నానికి లెక్క కావాలని. మూడోసారి నేను తాడు మణికట్టునుంచి తీసి మోటారు హ్యాండిల్‌కి మూడు చుట్లు చుట్టేశాను. సైదులు గారి వీపు నా వైపు ఉంది. ఆయనకు తెలియదు.

నీళ్ళలో మునిగిన పాత తాటిమొద్దు ఒకటి తగిలింది. పడవ ఎగిరి పక్కకు తిరిగింది, నేను నీళ్ళలో పడ్డాను. తల పైకి తేలేసరికి పడవ వంపు తిరిగి నా మీదికి వస్తోంది. ఆయన పాకుతూ వెనక్కి వచ్చి తాడు పట్టుకుని లాగారు. అది రాలేదు. మూడు చుట్లు. ఎడమ చేత్తో మోటారు ఆపే బటన్ కోసం తడుముతూ, కుడిచేత్తో నా భుజం పట్టి బలంగా అవతలికి తోశారు. ఆ చెయ్యి నాకూ మోటారు రెక్కకూ మధ్య ఉంది. మోటారు ఆగింది. ఆయన కూడా నీళ్ళలోకి జారారు. ఇదంతా నాలుగైదు క్షణాలు.

నేను ముందు ఎక్కి ఆయన్ని లాగాను. కుడిచేతికి చివరి రెండు వేళ్ళు లేవు. మెడలోని తువ్వాలు చేతికి చుట్టుకుంటూ, నేను మోటారు తిప్పబోతుంటే, "ముందు తాడు తగిలించుకో," అన్నారు. ఆ మూడు చుట్లు ఒక్కొక్కటే విప్పాను. ఆయన చూస్తూ కూర్చున్నారు.

ఒడ్డున ఓనరు మొదట అడిగింది, "తాడు ఎవరి చేతికుంది?"

"నా చేతికి ఉండాలండీ," అన్నారు సైదులు గారు. "మోటారు నేనే పట్టుకున్నా. తాడు తగిలించుకోడం మర్చిపోయా. ఇద్దరం పడ్డాం."

నేను అక్కడే నిలబడి ఉన్నాను. నా బట్టల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. నోరు తెరవలేదు.

ఆసుపత్రిలో ఆయన పక్కన ఎవరూ లేనప్పుడు అడిగాను. "నువ్వని చెప్తే నిన్ను మళ్ళీ నీళ్ళ మీదికి పంపరు అమ్మాయ్. నాకు షాపుంది," అన్నారు. కానీ రెండు వేళ్ళు లేని కుడిచేత్తో గడ్డపలుగు పట్టి లారీ టైరు ఊడదీయడం కుదరదు. ఏడాది తిరగకుండా పెద్ద టైర్లు మానేసి, ట్యూబులకు అతుకులు వేయడం మాత్రం మిగిల్చుకున్నారు. మా ఆఫీసులో పడవ నడపడానికి ఆయన్ని మళ్ళీ రానివ్వలేదు. ఒడ్డున కూర్చుని పడవకు అతుకులు వేసి, గాలి చూసి, పలక రాసేవారు. అలా ఇంకో మూడేళ్ళు.

కొత్తవాళ్ళకు నేర్పే పని నాకు వచ్చింది. మొదటి రోజు పాఠం ఆఫీసులో అందరికీ తెలిసిందే. "అంత అనుభవమున్న సైదులే తాడు మర్చిపోయి వేళ్ళు పోగొట్టుకున్నాడు. మీరెంత?" దాన్ని నేనే చెప్పేదాన్ని. ఒక్కసారి కాదు, ఏడెనిమిది బృందాలకు. చెప్పేటప్పుడు గొంతు తడబడేది కాదు. అది నాకు ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ భయం వేసే విషయం.

ఒకరోజు షెడ్డులో టీ తాగుతూ ఆయనే కదిపారు. "నా కథ చెప్తున్నావంటగా."

నేను గ్లాసు కింద పెట్టాను.

"చెప్పు, తప్పు లేదు. ఎవడికో ఒకడికి పనికొస్తది. కానీ మర్చిపోయాడని చెప్తే వాళ్ళు మర్చిపోకుండా ఉంటారు, అంతే. అడ్డమొచ్చినప్పుడు హ్యాండిల్‌కి చుట్టేస్తారే, అది చెప్పట్లా నువ్వు. అసలు ప్రమాదం దాంట్లో ఉంది. నీ పాఠం సగమే."

"చెప్తే ఎలా తెలిసిందని అడుగుతారు బాబాయ్."

ఆయన నా చేతుల వైపు చూశారు. "అడుగుతారు," అన్నారు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నాగమ్మ పిన్ని, ఆయన భార్య, లోపల్నుంచి అన్నం తిని వెళ్ళమంది. తిన్నాను. వడ్డిస్తూ ఆమె ఆయన్ని సాధించింది, తాడు కట్టుకోడానికేం రోగమొచ్చిందయ్యా నీకు అని. అది ఆ ఇంట్లో మామూలు మాటైపోయింది. ఆయన మజ్జిగ కలుపుకున్నారు.

ఈ ఏడు వేసవిలో జ్వరం వచ్చి, నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉండి పోయారు. పోయిన నెలలో కొత్తగా ఇద్దరు చేరారు. ముక్త్యాల ఒడ్డున పాఠం అంతా చెప్పాను, సైదులు మర్చిపోయిన సంగతితో సహా. తర్వాత ఆ ఇద్దరినీ పడవలో తీసుకెళ్ళాను. వాళ్ళలో ఒకమ్మాయి చురుకైనది. మోటారు తనే పట్టుకుంది, తాడు చేతికి తగిలించుకుంది. అరగంటకు పరికరం అందుకోబోతే తాడు బిగుసుకుని మోటారు ఆగింది. ఆ అమ్మాయి తాడు తీసి, చకచకా హ్యాండిల్‌కి చుట్టేసి, "మర్చిపోలేదు మేడం, ఇక్కడే ఉంది, మళ్ళీ పెట్టుకుంటా," అంది.

నేను మోటారు మళ్ళీ తిప్పనివ్వలేదు. తెడ్లతో ఒడ్డుకు తీసుకొచ్చాం. ఒడ్డు మీద నిలబడి, జరిగింది జరిగినట్టు ఆ ఇద్దరికీ చెప్పాను. సాయంత్రం ఓనరుకూ చెప్పాను. "ఇప్పుడెందుకమ్మా? ఆయనే లేడుగా," అన్నారాయన. మర్నాడు చిల్లకల్లు వెళ్ళాను.

నాగమ్మ పిన్ని అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. ఆమె గింజలు తీస్తూనే వింది.

"ఎన్నిసార్లు తిట్టుంటానో తెలుసా నీకు," అంది చివరికి. "అన్నం ముందు తిట్టా. చుట్టాల ముందు తిట్టా. నువ్వు పక్కన కూర్చుని తింటుంటే తిట్టా."

"తెలుసు పిన్నీ."

"తెలుసంట." చేట పక్కన పెట్టింది. "ఇక ముందు వచ్చేవాళ్ళకి ఏం చెప్తావు?"

"జరిగింది చెప్తాను."

"ఆయన పేరు ఎత్తకు. నీ పేరు చెప్పు."

లేచి లోపలికి వెళ్ళింది. నన్ను రమ్మనలేదు, పొమ్మనలేదు. కాసేపు నిలబడి రోడ్డు మీదికి వచ్చాను. ఆటో వచ్చేదాకా అక్కడే అటూ ఇటూ నడిచాను.

పోయిన వారం ఇంకొకతను చేరాడు. పాఠం విని, ఆ తాడు హ్యాండిల్‌కి చుట్టింది ఎవరో, దానికి వేళ్ళు పోగొట్టుకున్నది ఎవరో అడిగాడు. చుట్టింది నేనని చెప్పాను. రెండో దానికి, నన్ను అవతలికి తోసి కాపాడిన మనిషి అని మాత్రం చెప్పాను. మా దగ్గర ఇప్పుడు సైదులు పేరు చెప్పి ఎవరినీ భయపెట్టడం లేదు.