బావిలో పడ్డ సముద్రపు వాచీ

నా కుర్రతనంలో టైము చూడాలంటే సెల్‌ఫోను తీసేవాళ్ళం. వాచీ అంటే పెళ్ళిలో అల్లుడికి పెట్టే వస్తువని, అంతకుమించి దానికి పనేమీ లేదని నాకు గట్టి నమ్మకం. డిగ్రీ అయ్యాక ఉద్యోగం రాక, ఆగిరిపల్లి దగ్గర మా బాబాయి కౌలుకు తీసుకున్న మామిడితోటలో కోతలు చూసుకునేవాణ్ణి (చూసుకోవడమంటే చెట్టుకింద నిలబడి "జాగ్రత్త, జాగ్రత్త" అనడం). ఆ వేసవిలో కాయలు చూడ్డానికి బెంగళూరులో స్థిరపడిన తెలుగు వ్యాపారి ఒకాయన వచ్చాడు. చేతికి కొబ్బరిచిప్పంత వాచీ. బాబాయి కాయల సంగతి మరిచి దాన్నే చూస్తుంటే, ఆయన మురిసిపోయి చరిత్ర మొదలుపెట్టాడు.

"ఈ రకం వాచీలు మొదట్లో మంచుకొండలెక్కేవాళ్ళకి చేశారండీ. తరవాత సముద్రంలోకి దిగేవాళ్ళకి. తాటిచెట్టు మీద తాటిచెట్టు పేర్చినంత లోతుకెళ్ళినా లోపలికి నీళ్ళు పోవు. చుట్టూ ఉన్న ఈ చక్రం తిప్పి పెట్టుకుంటే, దిగి ఎంతసేపయిందో తెలుస్తుంది."

"బ్యాటరీ ఎన్నాళ్ళొస్తుందండీ?" అన్నాడు బాబాయి.

"బ్యాటరీయే లేదు. చెయ్యి ఆడుతుంటే దానంతటదే కీ తిరుగుద్ది."

బాబాయి నా వైపు తిరిగి, "నీ చేతికైతే ఆగిపోద్దిరా," అన్నాడు.

ఇంతలో ఆయన ఒక కాయ తొడిమ విరిచాడు. సొన చింది చేతిమీద పడింది. చర్మం పొక్కుతుందని గబగబా వాచీ తీసి బావిగట్టున పెట్టి, తొట్టిలో చెయ్యి కడుక్కుంటుంటే మోచెయ్యి తగిలింది. బుడుంగుమంది.

"కంగారేముందండీ, నీళ్ళు పోవన్నారుగా! దూకి తెచ్చుకోండి," అన్నాడు బాబాయి.

"నాకు ఈత రాదండీ." ఆయన బావిలోకి వంగి చూశాడు. "అది మా నాన్నగారిది. ఓడలో పనిచేసేవారు. పోయేముందు ఆయనే నా చేతికి పెట్టారు."

మా నవ్వు ఆగిపోయింది. చొక్కా విప్పాలని కూడా తోచలేదు, దూకేశాను. మొదటి మునకలో చేతికి నాచు తప్ప ఏమీ దొరకలేదు. రెండోసారి ఇంకా కిందికి దిగాను. చీకటి, చలి, చెవుల్లో హోరు. ఊపిరి అయిపోయి పైకి తిరగబోతుంటే అడుగున పచ్చగా ఏదో మెరిసింది. చిన్న చిన్న చుక్కలు గుండ్రంగా కూర్చున్నాయి, వాటి మధ్య సన్నటి ముల్లు ఎవరి కోసమూ ఆగకుండా నడుస్తోంది. పైన ఇంత గొడవ జరుగుతోందని దానికి తెలియనే తెలియదు. అంత అందమైన వస్తువును నేను అంతవరకూ చూడలేదు. ఊపిరి సంగతి మరిచి కాసేపు చూస్తూ ఉండిపోయాను.

పైకి తెచ్చి ఇస్తే ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తరవాత, "భోజనాలయ్యేదాకా నువ్వే పెట్టుకో బాబూ," అని నా చేతికి తొడిగాడు. కోతకొచ్చినవాళ్ళంతా చుట్టూ మూగారు. బాబాయి చేతిలో ఫోనుండగానే పదేపదే "టైమెంతరా?" అని నన్నే అడిగాడు (అంకెల్లేని ఆ వాచీలో టైము చూడ్డం నాకు రాలేదు. అయినా ధీమాగా చెప్పాను).

ఇప్పుడు నాకూ ఒక వాచీ ఉంది. రెండంతస్తుల మెట్లెక్కితే గుండె దడగా ఉందని హెచ్చరిస్తుంది. కుర్చీలోంచి లేచి కాస్త నడవమని గంటగంటకీ బతిమాలుతుంది. బావిలోకి చొక్కాతో దూకినవాణ్ణి నేనేనని దానికి చెప్పాలనిపిస్తుంది. కానీ నమ్మదేమోనని, లేచి నడుస్తాను.