సుగుణక్క ఒప్పుకోని జవాబు

కాజీపేట స్టేషన్‌లో టికెట్ కిటికీ వెనక ప్రింటరు కరకరలాడినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. టికెట్లిచ్చే మనిషి మీద కాదు. ఆ చప్పుడు నన్ను ఎనభైల తొలినాళ్ళలోకి, వరంగల్‌లో నేను పనిచేసిన ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ గదిలోకి లాక్కుపోతుంది. అక్కడ సుగుణక్కకు చేసింది ఇన్నేళ్ళయినా నాకు మింగుడుపడలేదు.

సుగుణక్క లెక్చరర్. లోకోషెడ్డు ఫిట్టరు కూతురు. డెబ్బైల్లో ఆ గదిలో పనికి చేరిన మొదటి ఆడమనిషి ఆమే. ప్రోగ్రాములు రాసే పనికి నేను తర్వాత వచ్చాను. చెరువుకట్టల బలాన్ని లెక్కగట్టే ప్రోగ్రాములను ఆమె ఏళ్ళ తరబడి రాసి, అట్టకార్డుల మీద రంధ్రాలుగా కొట్టించి, వరుస చెదరకుండా పెట్టెల్లో దాచుకుంది. వాటి పక్కనే ఇంకో కట్ట ఉండేది. అవి చేత్తో వేసి జవాబు తేల్చుకున్న పరీక్ష లెక్కలు. యంత్రంలో ఏ చిన్న మార్పు చేసినా ముందు ఆ లెక్కలన్నీ నడిపించేది. పాత జవాబులే వస్తే తప్ప ప్రోగ్రామును ఎవరి చేతికీ ఇచ్చేది కాదు. కొత్తలో నాకు విసుగు పుట్టి, నిన్న నడిచింది ఇవాళ నడవదా అని అడిగాను.

"నడుస్తది చెల్లె. నడిచిందల్లా సక్కగ నడిచినట్టు గాదు," అంది.

కాలేజీకి కొత్త యంత్రం వచ్చింది. అప్పుడే తొర్రూరు వైపు ఒక పాత చెరువుకట్ట లెక్క మా దగ్గరికి వచ్చింది. ఆ కట్ట ఇంకాస్త ఎక్కువ నీటిని ఆపగలదా అని ఇరిగేషన్ వాళ్ళు అడిగారు. ఆపగలదని కొత్త యంత్రం చెప్పింది. అదే కార్డులు పాత యంత్రంలో వేస్తే ఆపలేదని వచ్చింది. సుగుణక్క రిపోర్టు మీద సంతకం పెట్టనంది. మా శాఖాధిపతి ఆమెను గదికి పిలిపించారు. నేనూ వెంట వెళ్ళాను.

"చూడమ్మా, విదేశాల నుంచి తెప్పించిన యంత్రం తప్పు చెప్తుందా?" అన్నారాయన.

"ఏది తప్పో నాక్గూడ తెల్వది సార్. ఒక్క లెక్కకు రెండు జవాబులొచ్చినయి. ఎందుకొచ్చినయో తేలేదాంక, కట్ట కింది ఊర్లకు ఫికర్ లేదని నేనైతే చెప్ప."

ఆడవాళ్ళకు మొండితనం ఎక్కువని ఆయన నవ్వారు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. వారం తిరగకుండా ఆమెను పరీక్షల విభాగానికి మార్చారు. రిపోర్టు ఆయన సంతకంతో వెళ్ళిపోయింది. వేసవి సెలవులు మొదలవగానే పాత యంత్రాన్ని తుక్కుకు అమ్మేశారు. ఇక ఆ లెక్కను దాని మీద మళ్ళీ వేసి చూసే దారే లేకుండా చేశారు. ఆమె కార్డులు హన్మకొండ చౌరస్తాలో మిరపకాయ బజ్జీల కింద అట్టలయ్యాయి. వాటిని గుర్తుపట్టిన రోజు నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

ఆ సెలవులంతా మేమిద్దరం ఆమె ఇంట్లో కూర్చుని కట్ట లెక్కను చేత్తో వేశాం. చివరికి సంగతి తేలింది. కొత్త యంత్రం ఒక్కో సంఖ్యలో తక్కువ అంకెలనే గుర్తుంచుకుంటుంది. అడుగడుగునా అది వదిలేసిన తుంపులన్నీ పోగై జవాబునే తిప్పేశాయి. పాత జవాబే నిజం. ఆ కాగితాలతో బస్సెక్కి తొర్రూరు వెళ్ళాం. అక్కడి ఇంజనీరు ఓపికగా విని, నీటిమట్టం పెంచే పని ఆపి, ముందు కట్టను వెడల్పు చేయించాడు.

కాలేజీలో మాత్రం ప్రోగ్రామును గుట్టుగా సరిదిద్దించారు. కొత్త రిపోర్టు కూడా శాఖాధిపతి పేరుతోనే వెళ్ళింది. సుగుణక్కను మళ్ళీ ఆ గదిలోకి పిలవలేదు. ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు చేద్దామంటే ఆమె ఒప్పుకోలేదు.

"పేరు ఎవలదైతేంది చెల్లె? రేపు ఎవలు మళ్ళ ఏసినా గదే జవాబు రావాలె. గంతే," అంది.

నాకైతే అది 'అంతే' అనిపించలేదు. ఆ ఒక్క విషయంలో ఆమెతో నేను ఏనాడూ ఏకీభవించలేదు. ఇప్పుడు నా దగ్గర చదువుకునే పిల్లలు జవాబు వచ్చిందని చూపిస్తే, రేపు ఇంకో యంత్రం మీద ఇదే వస్తుందా అని అడుగుతాను. అది సుగుణక్క నేర్పింది. ఆ తర్వాత, ఈ ప్రోగ్రామును ఎవరు రాశారో దాని మొదటి పంక్తిలో పెట్టమంటాను. పెట్టకపోతే తిప్పి పంపుతాను. అది నా కోపం నేర్పింది.