వీరమ్మకు నేను చెప్పిన చావు కబురు

ఈ బరువును చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. మోస్తున్నానని మొన్నటి దాకా ఎవరికీ తెలియదు, నా భర్తకు కూడా. పైకి నేను చాలా మంచిదాన్ని. మతిమరుపు జబ్బు వచ్చిన ముసలివాళ్ళను ఓపిగ్గా చూసుకున్న మనిషినని చుట్టాల్లో పేరు. పెళ్ళిళ్ళలో ఎవరైనా ఆ మాట ఎత్తితే తల వంచుకుంటాను. వాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు. ఆ పేరు ఈ రోజు దించి పెట్టాలని కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. నన్ను ఊరడించకండి, మధ్యలో లేచి వెళ్ళకండి. అంతే అడుగుతున్నాను.

బ్యారేజీ దాటి మంగళగిరి వైపు వెళ్ళే దారిలో, ఒక రెండంతస్తుల ఇల్లు అద్దెకు తీసుకుని పెట్టిన హోం అది. డిమెన్షియా వచ్చినవాళ్ళ కోసమే పెట్టింది. అక్కడ నేను ఇన్‌ఛార్జిని. అందరూ మేడమ్ అనేవారు. మాది గవర్నర్‌పేటలో పాతుకుపోయిన కుటుంబం, ఇంటినిండా టీచర్లూ గుమాస్తాలూ. ఈ పనికి కావలసిన చదువు చదివాను, ట్రైనింగ్ తీసుకున్నాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. అది ముందే చెబుతున్నాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. జబ్బు మనిషికి ఎదురు చెప్పకూడదు. వాళ్ళు ఏ కాలంలో ఉంటే మనమూ ఆ కాలంలోకి వెళ్ళి మాట్లాడాలి. అందుకని ఒక్కొక్కరికీ ఒక్కో జవాబు అనుకుని ఉంచేవాళ్ళం. కొత్త ఆయా చేరితే ముందు ఆ జవాబులే నేర్పేవాళ్ళం. రిటైరైన హెడ్మాస్టరు గారు పొద్దున్నే చొక్కా తొడుక్కుని బడికి బయల్దేరితే, తుఫానండీ, కలెక్టరు గారు సెలవిచ్చారు అనాలి. ఆయన హాయిగా నవ్వి చొక్కా విప్పేవారు. రోళ్ళు పగిలే ఎండల్లో కూడా మా హోంలో రోజూ తుఫానే. గుడివాడ వెళ్ళాలనే ఆవిడకు బస్సుల బందు. వీరమ్మకు, "మీ ఆయన వేటకెళ్ళాడు, వస్తాడు."

వీరమ్మది బందరు దాటాక సముద్రపు ఒడ్డున పల్లె. భర్త పడవ మీద వేటకు వెళ్ళేవాడు. ఆమె గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మింది. ఒక్కతే కూతురు, సత్యవతి. అల్లుడికి ఆటోనగర్‌లో లారీల రిపేరు షెడ్డు. తల్లి పొయ్యి మీద గిన్నె మరిచిపోయి, ఆ తర్వాత ఇల్లే మరిచిపోయి రోడ్డున పడి వెళ్ళిపోతుంటే, వేరే దారి లేక మా దగ్గర చేర్పించారు. చేర్పించిన కొన్నాళ్ళకే తండ్రి జ్వరంతో మంచాన పడి పోయాడు. సత్యవతి వచ్చి వరండాలో నా రెండు చేతులూ పట్టుకుంది. అమ్మకు తెలియనివ్వకండి మేడమ్, తట్టుకోలేదండీ, మీదే భారం అంది. మాటిచ్చాను. ఆమె సంచిలోంచి ఎర్ర గాజులు తీసి తల్లి చేతులకు తొడిగి, ఇంత బొట్టు పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. వీరమ్మకు తెలియనంత కాలం ఆమె ముత్తైదువే.

ఇక్కడ మేమంతా కలిసి చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. వేటకెళ్ళాడు, వస్తాడు అన్నది మాబోటి వాళ్ళకు ధైర్యం చెప్పే మాట. ఆఫీసుకు వెళ్ళాడు, వస్తాడు అన్నట్టు. మనిషిని సముద్రం మీదికి పంపి ఒడ్డున కూర్చునే ఆడదానికి అది ధైర్యమా? సాయంత్రమయ్యేసరికి వీరమ్మ గేటు దగ్గరికి చేరేది. ఊచలు పట్టుకుని ఆకాశం కేసి చూసేది. గాలి తిరిగిందనేది. మిగతా పడవలొచ్చాయా అని అడిగేది. మేం వస్తాడు వస్తాడు అన్నకొద్దీ కంగారు పెరిగిపోయేది. అన్నం ముట్టేది కాదు. ఆమె కేకలకు హెడ్మాస్టరు గారు లేచేవారు, గుడివాడ ఆవిడ ఏడుపు అందుకునేది, ఇల్లంతా గగ్గోలు. పడవ ఒడ్డుకొచ్చింది, చేపలు దించుతున్నాడు అంటే సరిపోయేది. అంత చిన్న మాట. అప్పుడు తోచలేదు. తోచేంతగా ఆమె గురించి నేను ఆలోచించలేదు.

ఆ రోజు ముసురు పట్టి ఉంది. ఒక ఆయా రాలేదు. పొద్దుటి నుంచి నిలబడి నా కాళ్ళు పీకుతున్నాయి, ఇంటికి వెళ్ళే బస్సు వేళయింది. వీరమ్మ నా కొంగు పట్టుకుంది. ఇంకా రాలేదేంటి, ఇంకా రాలేదేంటి అని ఒకటే గొడవ. కొంగు విడిపించుకుంటే మళ్ళీ పట్టుకుంది.

"మీ ఆయన ఇంక రాడు వీరమ్మా. చచ్చిపోయాడు" అన్నాను. చనిపోయాడు అని కూడా అనలేదు.

ఆమె నా కొంగు వదిలేసింది. తర్వాత రెండు చేతులూ గేటుకేసి కొట్టుకుంది, గాజులు పగిలి మణికట్టు మీద నెత్తురు చిమ్మింది. అక్కడే చతికిలబడి శోకాలు పెట్టింది. నేను మా ఇళ్ళల్లో చావులు చూశాను గానీ అలాంటి ఏడుపు వినలేదు. చాలాసేపు ఏడ్చి, అలిసిపోయి, మెత్తబడి, నేను కలిపి పెట్టిన అన్నం చిన్నపిల్లలా తిని పడుకుంది. ఇల్లు సద్దుమణిగింది. నాకు బస్సు దొరికింది, కిటికీ పక్కన సీటు కూడా దొరికింది. అప్పుడు నాకేమనిపించిందో దాచకుండా రాస్తాను. హాయిగా అనిపించింది.

మర్నాడు పొద్దున్నకు ఆమెకు ఏమీ గుర్తు లేదు. సాయంత్రం మళ్ళీ గేటు దగ్గర నిలబడింది.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. మొదటిసారి నా నోరు జారింది, నిజం. రెండోసారి జారలేదు. రెండోసారి పొద్దుటి నుంచీ ఆలోచించుకుని, ఆమెను గేటు దగ్గర్నుంచి మెల్లగా వెనకవైపు బట్టలుతికే చోటికి తీసుకెళ్ళి, తలుపేసి, కూర్చోబెట్టి చెప్పాను. ఆ తర్వాత అది నా పద్ధతైపోయింది. హాల్లో టీవీ గట్టిగా పెట్టించేదాన్ని. వీరమ్మను నేను సముదాయించుకొస్తాను, మీరు మిగతావాళ్ళకు వడ్డించండి అని ఆయాలతో చెప్పేదాన్ని. మేడమ్ చెయ్యి పడితే వీరమ్మ ఇట్టే దారికొస్తుందని వాళ్ళు మెచ్చుకునేవారు. భర్త పోయాడని వినగానే ఆమె చేసే మొదటి పని గాజులు పగలగొట్టుకోవడం. గాయాలు కనబడితే సత్యవతి అడుగుతుంది. అందుకని గాజు గాజులు తీయించి ప్లాస్టిక్‌వి వేశాను. అవి పగలవు. ఆమె ఎంత కొట్టుకున్నా పగలవు. ఎందుకు పగలడం లేదో అర్థం కాక చేతులు చూసుకునేది.

ఆదివారం క్యారేజీలో చేపల పులుసు తీసుకుని సత్యవతి వచ్చినప్పుడు, అమ్మ గాజులేవండీ అని మామూలుగానే అడిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను గబగబా ఏదేదో చెప్పాను. గుచ్చుకుంటాయని, ఇక్కడందరికీ ఇదే రూలని. అలాంటి రూలేం లేదు. ఎంత జాగ్రత్తండీ మీకు అని, వచ్చే వారం అక్కడున్న ఆడవాళ్ళందరికీ రబ్బరు గాజులు కొనుక్కొచ్చింది.

ఎందుకు చేశాను? అలసట అని చాలాకాలం చెప్పుకున్నాను. అలసట అందరి మీదా ఒకేలా ఉండాలి గదా? అదే హోంలో మా వీధి ఆవిడ ఒకరు ఉండేవారు, పోయిన కొడుకు కోసం రోజూ అడిగేవారు. ఆవిడా తిండి మానేసేవారు. ఆవిడకు ఒక్కనాడూ చెప్పలేదు. పక్కన కూర్చుని వెన్ను నిమిరేదాన్ని. ఆవిడను అండీ అనేదాన్ని. వీరమ్మను వీరమ్మా అనేదాన్ని, ఆవిడ కంటే వీరమ్మే పెద్దదైనా. చేపల పులుసు వాసన తగిలితే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేదాన్ని. వీళ్ళు మోటు మనుషులు, తట్టుకుంటారు అని నాలో ఎక్కడో ఉంది. ఆ మాట నాతో నేనైనా ఎప్పుడూ అనుకోలేదు. అనుకోకుండానే దాని మీద నడిచాను.

ఒక సాయంత్రం సంగతి చెప్పాలి. మామూలుగానే వెనక్కి తీసుకెళ్ళి చెప్పాను. ఆమె ఏడ్చింది. ఉన్నట్టుండి ఏడుపు ఆపి నా కేసి చూసింది.

"నీకెవురు చెప్పారమ్మా?"

"కబురొచ్చింది" అన్నాను.

"ఎంత దూరం నుంచి మోసుకొచ్చావో తల్లీ. చావు కబురు మొయ్యటం మాటలా? కూకో. ముందు మంచినీళ్ళు తాగు. మొకం చూడు, ఎట్టా పీక్కుపోయిందో."

లేచి, తడుముకుంటూ కుళాయి దగ్గరికి వెళ్ళి, అక్కడున్న గ్లాసు కడిగి, నీళ్ళు పట్టి నా చేతికిచ్చింది. నేను తాగేదాకా నిలబడింది. తాగాక గ్లాసు తీసుకుని పక్కన పెట్టి, మళ్ళీ కింద కూర్చుని తన ఏడుపు తను మొదలుపెట్టింది.

ఆ రోజుతో మానేశానని రాస్తే బాగుండేది. మీరూ నన్ను కాస్త క్షమించగలిగేవారు. మానలేదు. ఆ సాయంత్రం బస్సులో ఏడ్చాను, మర్నాడు మళ్ళీ చెప్పాను.

చివరికి మానింది ఆమే. అడగడం మానేసింది. జబ్బు ముదిరి మాట తగ్గిపోయింది, పడవా గాలీ అన్నీ పోయాయి. కానీ పొద్దు వాలే వేళకు కళ్ళ వెంట నీళ్ళు కారేవి. ఎందుకో ఆమెకు తెలియదు. నేను గదిలోకి వస్తే ఇంకా ఎక్కువ. నా మొహం చూడగానే చేతులు ముడుచుకుని గోడ వైపు జరిగేది. కబురు మరిచిపోయింది గానీ కబురు తెచ్చేదాన్ని మరిచిపోలేదు. సత్యవతి అది చూసి, మిమ్మల్ని చూస్తే చాలండీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, మా కంటే మీరే ఎక్కువైపోయారు అని నవ్వింది. నేనూ నవ్వాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఆ ప్రేమంతా తాగేశాను. వీరమ్మ పోయాక పెద్దకర్మ రోజున సత్యవతి నాకు మంగళగిరి చీర పెట్టింది. తీసుకున్నాను. మా మేనకోడలి పెళ్ళికి కట్టుకున్నాను కూడా.

ఆమె తిన్నది గదా, పడుకున్నది గదా, ఆ ఎదురుచూపు నరకం కంటే ఒక ఏడుపు నయం గదా అని ఎన్నో రాత్రులు వాదించుకున్నాను. ఆ వాదనలో కొంత నిజం ఉండొచ్చు. కానీ నేను చెప్పింది ఆమె నయం కోసం కాదు. అది నాకు తెలుసు. తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే, అందుకే నేనే చెప్పాలి.

మొన్న మా వీధి ఆడవాళ్ళు వచ్చి, ముసలివాళ్ళకు అంత సేవ చేశారు, సభ పెట్టి శాలువా కప్పుతామన్నారు. సరేననబోయాను. నోటిదాకా వచ్చింది. అప్పుడు నా మీద నాకే పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు. వద్దని పంపేసి, మర్నాడే ఆటోనగర్ బస్సెక్కాను.

సత్యవతి షెడ్డు ముందు బల్ల దగ్గర కూర్చుని ఉంది. తల నెరిసింది. నన్ను చూసి గబుక్కున లేచి కుర్చీ వేసి, మేడమ్‌కి మజ్జిగ తెమ్మని కేకేసింది. మజ్జిగ రాకముందే చెప్పాలనుకున్నాను. కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాను. గేటు, బట్టలుతికే చోటు, టీవీ, ప్లాస్టిక్ గాజులు, మంచినీళ్ళు, ఆ మర్నాడు. లోపల ఇనుము మీద సుత్తి దెబ్బలు పడుతున్నాయి, ఆమెకు వినబడాలని గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది. అలాంటి మాటలు అరిచి చెప్పడం ఎలా ఉంటుందో తెలిసింది.

ఆమె లోపలికి చూసి, కాసేపు ఆపండ్రా అంది. సుత్తి ఆగింది. కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను.

"ఏమని ఏడ్చేదండీ?" అంది.

నాకు అర్థం కాలేదు.

"నాన్న పోతే మా ఇంట్లో శోకం పెట్టినోళ్ళు లేరు. పెట్టాల్సింది అమ్మ. అమ్మ మీ దగ్గరుంది. ఏమని ఏడ్చేదో చెప్పండి."

చెప్పాను. "సద్ది మర్చిపోయి ఎల్లిపోయావేంటి మావా, ఆకలికి ఆగలేవు గదా. నీళ్ళంటే బయం లేదన్నావు, నేనంటే కూడా బయం లేకపోయిందా నీకు. కూతురు నిద్ర లేచి అడిగితే ఏం చెప్పను మావా." ఈ గొంతుతో, గవర్నర్‌పేట గొంతుతో, రాగం లేకుండా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. కూతురు అన్న మాట దగ్గర ఆమె పైట నోటికి అడ్డం పెట్టుకుంది. మూడోసారి అడగలేదు.

మజ్జిగ గ్లాసు బల్ల మీదికి వచ్చింది. ఆమె దాన్ని తన వైపు జరుపుకుంది.

"ఇంక వెళ్ళండి" అంది. "మళ్ళీ రాకండి."

వచ్చేశాను. తేలికపడ్డానా? పడ్డాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, తేలికపడ్డాను. నా బరువు ఆమె నెత్తిన పెట్టి వచ్చానని తెలిసి కూడా తేలికపడ్డాను. ఆమె క్షమించలేదు, నేను అడగనూ లేదు. ఇంటికొచ్చాక మా ఆయనకు చెప్పాను, ఆయన అన్నం ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు. ఇప్పుడు మీకు చెప్పాను. రేపు శాలువా వాళ్ళు ఎందుకు వద్దన్నారని మళ్ళీ అడుగుతారు. వాళ్ళకూ చెబుతాను.