అరుగు దిగిన అమీను

సోమాయ్ ముర్ము మోచెయ్యి విరిగింది పట్టపగలు, పొలం గట్టు మీద, ఊరంతా చూస్తుండగా.

పూర్ణియా జిల్లాలో ఆ నాలుగు బిఘాల పొలాన్నీ పంతొమ్మిదేళ్లుగా సగపాలుకి చేస్తున్నాడు. దున్నేవాడి పేరు సర్వే కాగితంలోకి ఎక్కితే భూమి మాలిక్ వాణ్ణి వెళ్లగొట్టలేడు. ఎక్కకపోతే మర్నాడే వెళ్లగొడతాడు. సోమాయ్‌కి తెలిసిన చట్టం అంతే.

ఇదివరకు భూమి కొలవడానికి వచ్చిన సర్కారు అమీన్లకు సర్వే అంటే మాలిక్ చౌధరి అరుగు మీద పూరీలు తిని, ఆయన చెప్పిన పేర్లు రాసుకోవడం. ఈసారి వచ్చిన రహ్మత్ అనే బక్క అమీను కూడా పూరీలు తిన్నాడు. చేతులు కడుక్కుని, "పదండి పొలానికి" అన్నాడు.

"ఎండలో ఎందుకు అమీన్ సాబ్? దున్నేది మా అబ్బాయి బిర్జూ. రాసుకోండి."

"చూడకుండా రాస్తే అది చెప్పుడుమాట చౌధరీ గారూ, సర్వే కాదు."

గట్టు మీద సోమాయ్ "దున్నేది నేను బాబూ" అన్నాడో లేదో బిర్జూ లాఠీ దిగింది. ఎముక పుటుక్కుమంది. రెండో దెబ్బ చెవి మీద. మూడోది కింద పడ్డాక. అడ్డొచ్చిన పెళ్లాం చుర్కీని బిర్జూ మనుషులు జుట్టు పట్టి బురదలో ఈడ్చారు.

"ఏరా, ఇంకా దున్నుతావా?" అన్నాడు బిర్జూ.

సోమాయ్ విరిగిన పన్ను ఉమ్మాడు. "నాట్లయిపోయాయిగా. ఇప్పుడు దున్నితే నీలాంటోడే దున్నాలి."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు.

అమీను ముందుకొచ్చాడు. "బిర్జూ బాబూ, దున్నేది మీరేగా. మడవ ఎక్కడ? నీళ్లు వదలండి చూద్దాం."

పక్క పొలంవాళ్లు నీళ్లు తిప్పుకోకుండా సోమాయ్ మడవగా గట్టులో అడుగులేని కుండ పాతి, గడ్డి బిరడా కొట్టి, పైన గడ్డి పెంచాడు. అది అతనికీ చుర్కీకీ తప్ప ఎవరికీ తెలియదు. బిర్జూ గట్టంతా లాఠీతో పొడిచినా దొరకలేదు. సోమాయ్ పాక్కుంటూ వెళ్లి, బురదలోకి కాలు దూర్చి, గడ్డి బిరడా లాగాడు. నీళ్లు గుడగుడమంటూ కింది మడిలోకి దూకాయి.

"ఇదీ సర్వే" అన్నాడు అమీను.

లాఠీ ఈసారి అతని మోకాలి మీద పడింది. కూలబడ్డాడు. కూలబడ్డచోటే రిజిస్టరు తెరిచి సోమాయ్ పేరు రాశాడు.

"బొటనవేలు ఇవ్వు. ముందు ఆ రక్తం తుడుచుకో, లేకపోతే ముద్ర చెల్లదు."

పొద్దు వాలకుండానే సోమాయ్ ఇల్లు తగలబెట్టారు. పొలాన్ని తగలబెట్టలేకపోయారు. అది నీళ్లలో ఉంది. చెయ్యి వంకరగా అతుక్కుంది. కోతల దాకా మొగుడూ పెళ్లాం గట్టు మీదే పడుకున్నారు.