ఆర్వి చెప్పిన ఆకురాలు కాలం

ఉత్తరాన మంచు దేశంలో, ఔనస్ నది ఒడ్డున ఇరవై ఇళ్ల ఊరు. అందులో ఆర్వి కుంపుల పేరు తెలియనివాళ్లు లేరు. ముప్పయ్యేళ్లు రోడ్డు మీద మంచు తోసే బండి నడిపాడు. అయితే ఆయనకి పేరొచ్చింది ఆ బండి వల్ల కాదు, పైక్ చేప వల్ల. సెప్టెంబరులో ఆకులు పసుపెక్కే వేళకి నదిలో ఓ పెద్ద పైక్‌ని పట్టి, కడుపు కోసి, కార్జం చూసి, ఆ ఏడు చలి ఎప్పుడు దిగుతుందో, మంచు ఎప్పుడు నిలుస్తుందో చెప్పేవాడు. కార్జం తలవైపు లావుగా ఉంటే చలి తొందరగా వస్తుందని, తోకవైపు లావుగా ఉంటే తీరిగ్గా వస్తుందని ఆ పక్క అందరి నమ్మకం. మొదట్లో జిల్లా పత్రిక వేసేది. తర్వాత రేడియో వాళ్లు రావడం మొదలుపెట్టారు.

నిజానికి చేపని పట్టడం వరకే ఆర్విది. కోసేదీ, చూసేదీ, చెప్పేదీ ఆయన భార్య సైమ. ఆమెకి ఆ విద్య వాళ్లమ్మ దగ్గర్నుంచి వచ్చింది.

మొట్టమొదట పత్రికవాడు వచ్చిన రోజున సైమ పాలు పితకడానికి కొట్టంలోకి వెళ్లింది. "ఇదంతా మీరెలా కనిపెడతారండీ?" అని అతను అడిగాడు. ఆర్వి ఒక్క క్షణం తటపటాయించాడు. "ఏముంది, చూస్తే తెలిసిపోతుంది" అనేశాడు. అదే సమయానికి సైమ పాల బకెట్టుతో గుమ్మంలోకి వచ్చింది. విన్నది. బకెట్టు కింద పెట్టి, వచ్చినతనికి కాఫీ పోసి, యాలకుల రొట్టె కోసి పెట్టింది. అంతే.

వచ్చే ఏడు చెప్పేద్దాంలే అనుకున్నాడు ఆర్వి. వచ్చే ఏడు వచ్చింది, పోయింది. అలా ముప్పై నాలుగు ఏళ్లు. ప్రతి సెప్టెంబరులో సైమ వంటింటి బల్ల దగ్గర చేప కోస్తూ, తలెత్తకుండా, "ఈసారి అక్టోబరు మొదట్లోనే మంచు పడుతుంది, కానీ నిలవదు. నవంబరులో పడేదే అసలు మంచు" అనేది. ఆయన అదే మాటని గొంతు సవరించుకుని, మధ్యమధ్యలో ఆగుతూ, ఎంతో ఆలోచించినట్టు రేడియోలో చెప్పేవాడు. ఒక్కసారి మాత్రం రేడియో కట్టేస్తూ ఆమె అంది: "మాటలు భలే చెప్తావు, ముసలోడా." ఆ మాట పొగడ్తో, ఎత్తిపొడుపో ఆయనకి అర్థం కాలేదు. అడగనూ లేదు.

మార్చిలో సైమ పోయింది. సెప్టెంబరులో రేడియో పిల్ల రీక మామూలుగానే వచ్చింది. "ఈ ఏడు వద్దంటే మానేస్తాం, మీకు కష్టంగా ఉంటే" అంది పాపం, మర్యాదగా. అప్పుడైనా వద్దని తల అడ్డంగా ఊపి ఉంటే సరిపోయేది. ఆర్వి ఊపలేదు. చేప కోశాడు. కార్జం అరచేతిలోకి తీసుకుని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పాడు. జిగటగా, నున్నగా ఉంది. తల వైపెంతో తోక వైపూ అంతే. ఆయనకి అందులో కార్జం తప్ప ఇంకేమీ కనబడలేదు. రీక మైకు చాచి నిలబడింది.

"ఈసారి చలి తీరిగ్గా వస్తుంది," అన్నాడు ఆర్వి, గొంతు సవరించుకుని. "నవంబరు పది దాకా నది గడ్డకట్టదు."

ఆ మాట కెర్తు కూడా విన్నది. కెర్తు పక్కింటావిడ, సైమకి చిన్ననాటి స్నేహితురాలు. ఆవిడకి పదకొండు గొర్రెలు. ఎండాకాలమంతా నది మధ్యలో ఉన్న లంకలో మేస్తాయి, సెప్టెంబరు చివర్లో పడవలో ఇవతలికి తెచ్చుకుంటుంది. ఆ ఏడు వానలు వదలకుండా పడి, కోసిన గడ్డి సగం కుళ్లిపోయింది. అందుకని నెలాఖరున కంచె దగ్గరికొచ్చి పిలిచింది.

"ఆర్వీ! గొర్రెల్ని తెచ్చేసుకోనా, ఇంకో రెండు వారాలు అక్కడే ఉంచనా? లంకలో ఇంకా పచ్చగా ఉంది. ఇంట్లో చూస్తే గడ్డి లేదు. మా అమ్మాయి ఫోన్లో మటుకు వచ్చే వారం ఉత్తరం నుంచి చలి దిగుతుందని చూపిస్తోందట."

"ఫోన్లకేం తెలుసు," అన్నాడు ఆర్వి.

"అంటే ఉంచమంటావా?"

నాకు తెలియదు కెర్తూ అని చెప్పడానికి నోరు తెరిచాడు. ఆ నోటితోనే, "ఉంచు" అన్నాడు.

అక్టోబరు ఆరున గాలి మళ్లింది. మర్నాటికి సున్నాకి పన్నెండు డిగ్రీలు కిందికి పడిపోయింది. నది అటు నీళ్లూ కాకుండా, ఇటు గడ్డా కాకుండా, జావలాంటి మంచు ముద్దగా తయారైంది. పడవ కదలదు, అడుగేస్తే కుంగిపోతుంది. దానిమీద రెండు రోజులు ఆగకుండా మంచు కురిసింది. లంకలోంచి గొర్రెల అరుపులు ఊరంతటికీ వినిపించాయి. ఆర్వి కిటికీలన్నీ మూశాడు. అయినా వినబడుతూనే ఉన్నాయి.

మూడో రోజు రెండు గొర్రెలు తమంతట తామే నది దాటబోయి, అందరూ చూస్తుండగా మునిగిపోయాయి. కెర్తు ఒడ్డున నిలబడి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆర్వి వైపు తిరగలేదు. తిరిగి ఓ బూతు తిట్టినా ఆయనకి బాగుండేది.

ఏడో రోజుకి గడ్డ కొంచెం బిగిసింది. తాళ్లు కట్టి, పడవని గడ్డ మీద తోసుకుంటూ ముగ్గురు బయల్దేరారు. "డెబ్భై రెండేళ్లవాడివి, నువ్వెందుకు? ఇంట్లో కూర్చో" అన్నారు. ఆర్వి వినకుండా వాళ్ల వెంట నడిచాడు. వెళ్లి చూస్తే మూడు గొర్రెలు మంచు కింద బిగుసుకుపోయి ఉన్నాయి. బతికినవి ఆరు. ఒక్కోదాన్ని ఎత్తి పడవలో వేస్తుంటే, చర్మం కింద ఎముకలు ఆయన చేతులకి తగిలాయి.

తర్వాత వారం దుకాణానికి వెళ్తే, తైస్తో అనే దుకాణదారు కాఫీ పోస్తూ, "ఏం ఆర్వీ, మీ చేపకి తేదీలు తెలియనట్టుందే!" అన్నాడు. అక్కడున్న నలుగురూ నవ్వారు. తైస్తో మంచివాడే, ఏదో నవ్వించబోయాడు. ఆర్వి కాఫీ ముట్టకుండా బయటికొచ్చేశాడు. ఆ రోజు నుంచి ఉప్పు కావాలన్నా నలభై కిలోమీటర్లు బండి నడుపుకుంటూ పట్నం పోయేవాడు.

నవంబరులో ఒక మధ్యాహ్నం వెళ్లి కెర్తు ఇంటి తలుపు తట్టాడు. ఆవిడ కాఫీ పెట్టింది. ఆయన కోటు విప్పలేదు.

"నీకో సంగతి చెప్పాలి. ఆ కార్జం చూడటం నాకు రాదు. ఎప్పుడూ రాలేదు. అదంతా సైమ చెప్పేది."

కెర్తు చెంచాతో పంచదార కలుపుతూ, "తెలుసు" అంది.

"ఏంటి?"

"ఊళ్లో ఆడవాళ్లందరికీ తెలుసయ్యా. మొదటేడే సౌనాలో ఆవిరిస్నానం చేస్తూ సైమే చెప్పింది. మా ఆయన పేపర్లో పడ్డాడే అని పడీపడీ నవ్వింది."

ఆర్వికి చెవులదాకా వేడెక్కింది. ఇన్నేళ్లుగా రేడియోలో తను గొంతు సవరించుకుంటుంటే, ఇంటింటా ఆడవాళ్లు ఏమనుకుంటూ విన్నారో ఒక్కసారిగా కళ్ల ముందు కదిలింది.

"మరి తెలిసీ నన్నెందుకు అడిగావు? నా మాట మీద గొర్రెల్ని ఎందుకు వదిలేశావు?"

కెర్తు చెంచా పక్కన పెట్టింది. "నేర్చుకునే ఉంటావనుకున్నాను. ముప్పై నాలుగేళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. పోయేముందు నాలుగు నెలలు ఆమె మంచం మీదే ఉంది. ఎలా చూస్తావే అని ఒక్కసారైనా అడిగి ఉంటావనుకున్నాను."

ఆర్వి నేల చూశాడు. అడగలేదు. అడిగితే, ఇది తన విద్య కాదని ఒప్పుకున్నట్టవుతుందని అడగలేదు. ఆమె ముందు కూడా.

"కాఫీ చల్లారుతోంది" అంది కెర్తు, గొంతు కాస్త మెత్తబడి. తాగి వచ్చేశాడు. క్షమించమని అడగాలని వెళ్లినవాడు, అది అడగడమే మరిచిపోయాడు.

మరుసటి ఎండాకాలం ఆర్వి తన పొలంలో గడ్డి కోసి, ఎండబెట్టి, కెర్తు కొట్టం నిండా పేర్చాడు. సెప్టెంబరులో రీక వస్తే, అన్నేళ్లూ చెప్పింది సైమేనని మైకులోనే చెప్పాడు. మధ్యలో రెండుసార్లు మాట తడబడితే, రీక రికార్డింగు ఆపి మళ్లీ మొదలుపెట్టింది. "మరి ఈ ఏడు ఎలా ఉంటుందంటారు?" అని అలవాటుగా అడిగేసి నాలిక్కరుచుకుంది. "నాకు తెలియదు" అన్నాడు ఆర్వి.

అదే వారం కెర్తు పడవలో తనూ ఎక్కి గొర్రెలన్నిటినీ ఇవతలికి చేర్చాడు. చలి రాలేదు. అక్టోబరంతా లంక పచ్చగానే ఉంది. ఇక్కడ గొర్రెలు ఎండుగడ్డి నములుతుంటే, "తొందరపెట్టి తెప్పించావు కదా, అటు చూడు, అంత మేతా వృథా!" అని కెర్తు నెలరోజులు సణిగింది. అలా సణుగుతుంటేనే ఆర్వికి కాస్త ఊపిరాడేది. కిందటేడు లంకలో చలికి చెవి సగం రాలిపోయిన గొర్రె ఒకటుంది. అది మాత్రం ఆయన మేత పట్టుకెళ్తే దగ్గరికి వచ్చేది కాదు. ఆయన గడ్డి అక్కడ పడేసి, దాని వంక చూడకుండా వెనక్కి తిరిగేవాడు.