కుడి పక్క పిన్నులు

వనపర్తి బస్టాండు ఎదుట జిరాక్సు కొట్టు నడిపే భాయి మంచివాడే. తిక్క నాది. బొమ్మల కథలు గీసి, ఆయన దగ్గర జిరాక్సు తీయించి, ఊరూరా తిరిగి అమ్ముకునేవాణ్ణి. రెండువేల నాలుగులో గీసినదాంట్లో ఒక్క మాట లేదు, పేజీలకు అంకెల్లేవు, అట్ట మీద పేరైనా లేదు. మేక తలకాయ ఉన్న కూలిమనిషి పెళ్లాంతో జొన్నరొట్టె తిని, మూట కట్టుకుని బస్సెక్కి బొంబాయి పోయి, చివరికి ఒక పెద్ద గోడ వెనక మాయమైపోతాడు. అంతే కథ.

గద్వాల బస్టాండులో పుస్తకాల స్టాలాయన నలభై కాపీలు పెట్టుకుంటానన్నాడు, ఆ సాయంత్రంలోగా తెస్తేనే. అవి పోకపోతే బొమ్మలు మానేసి ఎరువుల కొట్లో కూర్చుంటానని మా అన్నకు మాటిచ్చాను.

బస్సు పెబ్బేరు దాటాక కట్ట విప్పాను. ఉర్దూ చదువుకున్న భాయి, కుడి నుంచి ఎడమకు చదివే ఉర్దూ పుస్తకానికి కొట్టినట్టే కుడి అంచున పిన్నులు కొట్టాడు. తెలుగువాడు తన అలవాటు కొద్దీ పిన్నులు ఎడమకొచ్చేలా తిప్పి పట్టుకుంటే చివరి పేజీ మొదటిదవుతుంది. భాయిని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. ఒక్క అంకె వేసుంటే ఆయనకు తెలిసేది కదా అని నన్ను నేను అంతకంటే ఎక్కువ తిట్టుకున్నాను. తాళంచెవితో పిన్నులు పీకబోతే, కుదుపులకు మూడు అట్టలు చిరిగాయి. అప్పటికే బీచుపల్లి వంతెన వచ్చేసింది.

పక్క సీట్లో చంటిపిల్లతో కూర్చున్న ఆమె, నేను వద్దనేలోపే ఒక పుస్తకం తీసి, పిన్నులు ఎడమకు తిప్పుకుని తెరిచింది. మేకమనిషి గోడ వెనక నుంచి బయటికొచ్చాడు. బస్సులో ఊరు చేరాడు. మూట విప్పాడు. రొట్టె ముందు ఇద్దరూ కూర్చున్న బొమ్మ మీద ఆమె వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

"ఎన్కకొచ్చిండు గద తమ్మీ. మా ఆయన బొంబాయి పోయి రెండేండ్లాయె, కబురు లేదు. ఈ మేకమొకపోడన్న ఇంటికొచ్చిండు."

నా కథ అది కాదని చెప్పడానికి సిగ్గేసింది. తాళంచెవి జేబులో వేసుకున్నాను.

స్టాలాయన కూడా ఆమెలాగే తిప్పి తెరిచాడు. ఆఖరి దాకా చూసి, తాడుకు తగిలించడం మొదలుపెట్టాడు. నాలుగు తక్కువున్నాయేమని అడిగితే, చిరిగిపోయాయన్నాను. నిజానికి చిరిగినవి మూడే. నాలుగోదాన్ని ఆమె ఒళ్లోంచి అడిగి తీసుకోలేకపోయాను.

నెల తిరక్కముందే ఇంకో కట్ట పంపమని ఆయన కబురు పెట్టాడు. సంగతంతా విన్న భాయి నొచ్చుకుని, ఈసారి పిన్నుల మిషను చేతపట్టి, ఏ పక్క కొట్టమంటావని అడిగాడు.

"కుడి పక్కనే కొట్టు భాయ్" అన్నాను.